గ్యారేజీలో గంగాళం

ఇంట్లో బీరు కాచుకునేవాళ్ళకు మాష్ టన్ అనే గంగాళం సైజు ఎంచుకోవడంలో అసలు శత్రువు అంకగణితం. అడిగినవాడి హోదా, జీతం, గ్యారేజీ వైశాల్యం ఏమీ చూడకుండా అది అందరికీ ఒకటే జవాబు చెబుతుంది: అయిదు గ్యాలన్ల బీరుకు పది గ్యాలన్ల టన్ చాలు. ఇంత చిన్న జవాబుతో ఏ పెద్దమనిషి సరిపెట్టుకుంటాడు?

డాలస్ శివార్లలో గ్యారేజీ లేని దురదృష్టవంతుల కోసం కొంచెం వివరంగా చెబుతాను. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని, అంటే మాల్ట్‌ను, మరపట్టించి వేడినీళ్ళలో కలిపి 65 నుంచి 68 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటసేపు ఉంచుతారు. గింజలోని ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి. ఆ తీపి నీళ్ళను కింద కుళాయి నుంచి పట్టుకుని, హాప్స్ అనే చేదు పూలు వేసి మరిగించి, చల్లార్చి, ఆ చక్కెరను మద్యంగా మార్చే ఈస్ట్ కలుపుతారు. ఆ గంటసేపు మాల్ట్ నానే పాత్రే మాష్ టన్. అమెరికాలో చాలామంది దీనికి వాడేది రోడ్డు పనులవాళ్ళు ట్రక్కు వెనక కట్టుకు తిరిగే మంచినీళ్ళ కూలర్. అడుగున చిల్లుల పళ్ళెం ఒకటి అమరిస్తే టన్ తయారు. ఇక్కడ బీటెక్, ఎమ్మెస్ చేసి, లాటరీలో హెచ్1బీ గెలిచి, చివరికి ప్లాస్టిక్ నీళ్ళ డబ్బా ముందు థర్మామీటర్ పట్టుకుని నిలబడడం ఎవరికైనా కష్టమే.

లెక్క కూడా చూద్దాం, ఖండించడానికైనా తెలియాలి కదా. అయిదు గ్యాలన్ల, అంటే 19 లీటర్ల, మామూలు బీరుకు సుమారు నాలుగున్నర కిలోల మాల్ట్, దాన్ని కలపడానికి 12 లీటర్ల నీళ్ళు. మాల్ట్ తాను ఆక్రమించేది ఇంకో మూడు లీటర్లు. మొత్తం 15. అయిదు గ్యాలన్ల కూలర్‌లోనే పట్టేస్తుంది. ఇంపీరియల్ స్టౌట్ లాంటి ఘాటు సరుకుకు మాల్ట్ తొమ్మిది కిలోలైనా, మొత్తం 30 లీటర్లు. పది గ్యాలన్ల కూలర్‌లో 38 పడతాయి, ఇంకా చోటు మిగులుతుంది.

చూశారా, ఈ లెక్కలో చుట్టం ఎక్కడా లేడు. పదిమందికి వండమంటే ఇరవైమందికి వండే జాతి మనది. "రేపు ఎవరైనా వస్తే?" అన్న ప్రశ్నకు ఏ ఫార్ములాలోనూ స్థానం లేకపోవడం ఆ ఫార్ములాల లోపం. కాబట్టి ఇరవై గ్యాలన్ల స్టీలు టన్ కొనాలని నా సలహా. అందులో నాలుగున్నర కిలోల మాల్ట్ పోస్తే అడుక్కి అంటుకుంటుంది. వడపోతకు పనికొచ్చేది మాల్ట్ పొరే కాబట్టి, పొర పలచబడితే నీళ్ళు మడ్డిగా దిగుతాయి. పైనున్న ఖాళీ వేడిని తాగేసి ఉష్ణోగ్రత జారిపోతుంది. కంగారు పడకండి. బీరు మసకగా వస్తే హేజీ ఐపీఏ అనే మసక బీరు రకమనండి. ఆ పేరుతో షాపుల్లో ఎక్కువ ధరకే అమ్ముతున్నారు.

నిండా నింపితే నీళ్ళ బరువే 75 కిలోలు. ఎత్తలేరు కాబట్టి పంపు కొంటారు. పంపుకు స్టాండు, స్టాండుకు చోటు. దాంతో కారు బయటికి వస్తుంది, టెక్సాస్ వడగళ్ళు దాని సంగతి చూసుకుంటాయి. ఇన్సూరెన్స్ ఉందిగా.

పాత్రను బట్టే పరువు అన్న సిద్ధాంతం మన సొంతమని గర్వపడడానికి లేదు. లండన్ బీరు కంపెనీలు దీన్ని ఎప్పుడో ఆచరణలో పెట్టాయి. టోటెన్‌హామ్ కోర్ట్ రోడ్డు దగ్గర హార్స్ షూ బ్రూవరీలో పోర్టర్ అనే నల్ల బీరు నిలవ చేసే చెక్క తొట్టి 22 అడుగుల ఎత్తుండేది. 1814 అక్టోబరు 17న దాని ఇనుప కట్టు ఒకటి ఊడిపడింది. ఏడాదికి రెండు మూడుసార్లు జరిగేదేలే అని ఊరుకున్నారు. కాసేపటికి తొట్టి పగిలింది. వెనక సందులోని పేదల ఇళ్ళ మీద బీరు వరదై పడి ఎనిమిది మంది చనిపోయారు. తప్పు ఎవరిదీ కాదని విచారణలో తేలింది. కంపెనీ మాత్రం ఆ బీరు మీద కట్టిన సుంకాన్ని ప్రభుత్వం నుంచి వెనక్కి రాబట్టుకుంది. పెద్ద పాత్ర ఉన్నవాడికి పెద్ద మనసుతో సహకరించే ప్రభుత్వాలు అప్పటి నుంచీ ఉన్నాయన్నమాట.

అమెరికా ప్రభుత్వం అంత ఉదారంగా లేదు. 1978లో కార్టర్ సంతకం చేసిన చట్టం ప్రకారం ఇంట్లో ఒక్కరే పెద్దవాళ్ళుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరుంటే 200. అమ్మకూడదు. పెళ్ళి చేసుకోవడానికి ఇంతకన్నా బలమైన కారణం నాకు కనబడలేదు గానీ, అన్యాయం కూడా ఇక్కడే ఉంది. అత్తమామలు విజిటర్ వీసా మీద వచ్చి ఆరు నెలలున్నా, ఇంట్లో పెద్దవాళ్ళు నలుగురైనా, కోటా 200 దాటదు. మామగారు ఒక్కరే ఎంత తాగుతారో చట్టం చేసినవాళ్ళు ఆలోచించలేదు.

ఇరవై గ్యాలన్ల టన్‌తో విడతకు ఇరవై గ్యాలన్ల మామూలు బీరు కాస్తే పది విడతల్లో కోటా అయిపోతుంది. మిగతా రోజుల్లో అంత పాత్ర ఖాళీగా ఉండడం బాగోదు. అసోసియేషన్‌వాళ్ళు ఉగాది విందుకు పులిహోర కలపడానికి అడిగితే శుభ్రంగా తోమి ఇవ్వండి. మాష్ టన్‌లో ఉండేది తీపి నీళ్ళే, ఈస్ట్ కలిపేది వేరే పాత్రలో. కాబట్టి దానికి మద్యం ఏనాడూ సోకలేదని పంతులుగారి ముందు ప్రమాణం చేసి చెప్పవచ్చు. వేరే పాత్ర గురించి ఆయన అడగరు.