జన్యు డేటాకు కాపలా ఏదీ?

ప్రభుత్వ ప్రాజెక్టు కింద పది వేల మంది భారతీయుల జీనోమ్‌లను, అంటే పూర్తి జన్యు సమాచారాన్ని, ఫరీదాబాద్‌లోని డేటా కేంద్రంలో భద్రపరిచి, 2025 జనవరిలో అదో మైలురాయి అని చాటుకున్నారు. ఆ డేటా ఎవరు చూడాలన్నా నిబంధనలున్నాయి. సంతోషం. మరి మిగతా 140 కోట్ల మంది సంగతేంటి?

2019 నాటి వ్యక్తిగత డేటా రక్షణ బిల్లులో జన్యు డేటాను సున్నితమైన సమాచారంగా ప్రత్యేకంగా పేర్కొన్నారు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చేసరికి ఆ విభాగమే ఎగిరిపోయింది. ఇప్పుడు చట్టం దృష్టిలో డీఎన్‌ఏకూ ఫోన్ నంబరుకూ తేడా లేదు. సెక్షన్ 16 ప్రకారం కేంద్రం ఫలానా దేశానికి వద్దని నోటిఫై చేస్తే తప్ప డేటాను ఎక్కడికైనా పంపుకోవచ్చు. తలుపులు బార్లా తెరిచిపెట్టి, దొంగ ఎవరో తీరిగ్గా చెబుతామన్నట్టుంది వరస. బడా సంస్థలు కొంత డేటాను దేశం దాటించకుండా ఆపే వీలు ఈ చట్టం కింద వచ్చిన 2025 నిబంధనల్లో ఉంది గానీ, ఏ డేటా అన్నది మళ్లీ ఓ కమిటీ తేల్చాలట!

అగ్రరాజ్యాలు ఇంత ఉదారంగా లేవు. వందమందికి మించి తన పౌరుల జీనోమ్ సమాచారం చైనా, రష్యా సహా ఆరు దేశాల చేతికి చిక్కకుండా అమెరికా 2025 ఏప్రిల్ నుంచి కట్టడి చేసింది. విదేశీ సంస్థలు తన గడ్డపై నేరుగా నమూనాలు సేకరించకుండా చైనా 2019లోనే అడ్డుకట్ట వేసింది. డేటా స్వేచ్ఛ గురించి లోకానికి పాఠాలు చెప్పేవారూ సొంత జన్యువు దగ్గరకొచ్చేసరికి తలుపు బిగించుకుంటారు. మనమే, ప్రభుత్వ ప్రాజెక్టుకు కాపలా పెట్టి పౌరుణ్ని గాలికొదిలేశాం.

అరుదైన వ్యాధుల పరిశోధనకు దేశాల మధ్య డేటా మార్పిడి అవసరమన్న వాదన ఉంది. నిజమే. అనుమతితో, లెక్కాపత్రంతో పంపమనండి, ఎవరు కాదన్నారు?

ట్యూబులో కాస్త ఉమ్మి, కొరియర్ కవరులో పెట్టి, చదవని షరతుల కింద టిక్ కొడితే జన్యు పరీక్షకు పంపినట్టే. ఆ టిక్కుతో తోబుట్టువుల, పిల్లల గుట్టూ బయటపడుతుంది. వాళ్లనెవరు అడిగారు? అమెరికాలో ఇలాంటి పరీక్షలు చేసే ట్వంటీత్రీ అండ్ మీ కంపెనీ 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేస్తే, సుమారు కోటిన్నర మంది జన్యు సమాచారం వేలంపాటకు వచ్చింది. ఇలాంటిది ఇక్కడ జరిగితే కొనేవాడు ఏ దేశంవాడో అడిగే సెక్షన్ మన చట్టంలో ఎక్కడుంది?

2019 బిల్లులో రాసుకున్న వాక్యం కేంద్రం దగ్గరే ఉంది. దాన్ని తిరిగి చేర్చి, జన్యు డేటా దేశం దాటాలంటే ముందస్తు అనుమతి తప్పనిసరి చేయాలి. 2023 ఆగస్టులో మొత్తం చట్టాన్నే మూజువాణి ఓటుతో గట్టెక్కించిన ప్రభుత్వానికి, ఈపాటి సవరణ తేవడం అంత భారమా?