ట్రైలర్ బండికి టిప్పర్ తొట్టి

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లారీకి కావలసింది ఏదైనా దొరుకుతుంది. దొరకనిది అక్కడే చేసి ఇస్తారు. ఇంజిన్ చప్పుడు విని జబ్బు చెప్పే మేస్త్రీలు, గీత గీయకుండానే రేకు కోసే వెల్డర్లు అక్కడ ఉన్నారు. ఆ పనితనం మీద మాకున్న గౌరవంతోనే, పాత ట్రైలర్ బండిని టిప్పర్‌గా మార్చే పని గురించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

హైవేల మీద ఏళ్ల తరబడి కంటెయినర్లను, ఉక్కు కాయిళ్లను లాగిన ట్రైలర్ బండి ఒక దశలో యజమానికి గిట్టుబాటు కాదు. టైర్లు అరిగాయి, కిరాయిలు రావు, ట్రైలర్ తుప్పు పట్టింది. దాన్ని లాగే ముందు బండి, అంటే ప్రైమ్ మూవర్ ఇంజిన్‌లో మాత్రం ఇంకా సత్తువ ఉంది. కొత్త టిప్పర్ కొనాలంటే లక్షల్లో అప్పు, నెలనెలా వాయిదాలు. ట్రైలర్‌ను తగిలించే ఫిఫ్త్ వీల్ పళ్లెం ఊడదీసి, ఛాసిస్ పొడిగించి, హైడ్రాలిక్ జాకీ బిగించి, పైన తొట్టి ఎక్కిస్తే రేపటి నుంచే క్వారీలో పని దొరుకుతుంది. ఒకటి రెండు బండ్లతో బతికే మనిషికి ఈ ఆలోచన రావడం సహజం. దాన్ని నేరంగా చూడటం మాకు ఇష్టం లేదు.

కానీ ట్రైలర్ బండి నడుము, టిప్పర్ నడుము ఒకటి కాదు. ట్రైలర్ బండి బరువును లాగుతుంది, టిప్పర్ బరువును మోస్తుంది. ట్రైలర్ లోడులో కొంత భాగమే, రెంటినీ కలిపే కింగ్ పిన్ దగ్గర ముందు బండి మీద పడుతుంది. మిగతాది ట్రైలర్ చక్రాలే మోస్తాయి, బ్రేకు వేసినప్పుడు అవీ సాయం పడతాయి. ట్రైలర్ తీసేశాక ఆ భారం, ఆ బ్రేకు పని అంతా మిగిలిన యాక్సిళ్లదే (ఇరుసులదే). పైగా జాకీ తొట్టిని లేపుతున్నకొద్దీ లోడు వెనక్కి జరిగి, ఛాసిస్ చివరనున్న రెండు కీలు పిన్నుల మీద పడుతుంది. నేల కాస్త ఏటవాలుగా ఉన్నా, తడి మొరం తొట్టిలో ఒక పక్కకే అంటుకున్నా ఛాసిస్ మెలి తిరుగుతుంది. సాఫీ రోడ్డు మీద లాగడానికి చేసిన ఛాసిస్‌కు ఈ మెలి అలవాటు లేదు. తొట్టికీ ఛాసిస్‌కూ మధ్య సబ్‌ఫ్రేమ్ అనే గట్టి అదనపు చట్రం లేకపోతే బండి పక్కకు ఒరిగి పడిపోవచ్చు.

వెల్డింగ్ సంగతి ఇంకా ముఖ్యం. భారీ వాహనాల ఛాసిస్‌లలో చాలావాటికి వాడేది ఎక్కువ బలమున్న ప్రత్యేకమైన ఉక్కు. దాన్ని గ్యాస్‌తో కోసి మామూలు రాడ్డుతో అతికితే అతుకు పక్కనున్న లోహం వేడికి బలం కోల్పోతుంది. పైకి నున్నగా రంగు వేసిన ఆ చోటే ఆరు నెలలకో ఏడాదికో సన్నటి పగులు మొదలవుతుంది. ఛాసిస్ పై అంచుకూ కింది అంచుకూ రంధ్రాలు వేయకూడదని, బోల్టులు నిలువు పక్కకే బిగించాలని ఆటోనగర్ పెద్ద మేస్త్రీలకు తెలుసు. తొందర పని చేసే చోట ఆ జాగ్రత్త ఉండదు. గేర్ల సంగతీ అంతే. హైవే వేగానికి కుదిర్చిన వెనక యాక్సిల్‌తో నిండు లోడు వేసుకుని క్వారీ గుంతలోంచి పైకి ఎక్కాలంటే ముందు కాలేది క్లచ్చే.

చట్టం ఏమంటోంది? 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు చెప్పిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాటను ఖాయం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకూ జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. అయితే ఆ సవరణలోనే ఇంకో వాక్యం కూడా ఉంది. మార్పులకు ప్రమాణాలను, ఆమోదానికి షరతులను కేంద్ర ప్రభుత్వం నిర్దేశించవచ్చని, అలా చేసిన మార్పు వల్ల తయారీదారు వారంటీ పోదని అది చెబుతోంది. అంటే తలుపు ఉంది. ట్రైలర్ బండిని టిప్పర్‌గా మార్చదలచిన చిన్న యజమానికి ఆ తలుపు తెరవాలన్నదే మా కోరిక. అమెరికా, కెనడాలలో ఈ పని బహిరంగంగానే సాగుతుంది, ఛాసిస్‌ను ఎక్కడ కోయవచ్చో ఎక్కడ కోయకూడదో తయారీదారులే పుస్తకాలు వేసి ఇస్తారు. ఇక్కడ దారి కనిపించనప్పుడు పని చీకట్లో జరుగుతుంది. ఆర్‌సీలో (రిజిస్ట్రేషన్ పత్రంలో) ఒక బండి, రోడ్డు మీద ఇంకో బండి. ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ అభ్యంతరం చెబితే ఆ కుటుంబం ఎవరిని అడగాలి?

అధిక లోడు ఈ కథలో రెండో సగం. తొట్టి ఎంత పెద్దదైతే అంత కంకర పడుతుంది, లోడర్ డ్రైవర్ చెయ్యి ఆగదు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 1958 నుంచి 1960 దాకా జరిగిన రోడ్డు పరీక్షల్లో తేలిన సూత్రం ప్రకారం యాక్సిల్ మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం సుమారు 16 రెట్లు అవుతుంది. 2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని, ఆ కంకర ప్రయాణికుల మీద పడిన ఘోరాన్ని ఎవరూ మరవలేదు. ఆ ప్రమాదానికీ ఈ మార్పిళ్లకూ ముడి పెట్టడం లేదు. తొట్టిలో ఉన్న బరువు ఏం చేయగలదో చెప్పడానికే గుర్తు చేస్తున్నాం.

మార్పిడికి ఎంపిక చేసిన వర్క్‌షాపులకే అనుమతి ఇవ్వాలి. ఏ మోడల్‌కు ఎంత తొట్టి సరిపోతుందో తయారీదారు రాసి ఇవ్వాలి. వెనక చక్రాలు దాటి వేలాడే భాగం వీల్‌బేస్‌లో, అంటే ముందు వెనక ఇరుసుల మధ్య దూరంలో, 60 శాతం దాటకూడదన్న నిబంధనను టేపు పెట్టి కొలవాలి. ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) వచ్చిన బండిని ఖాళీగా చూసి పంపకుండా, నిండు లోడుతో తొట్టిని పూర్తిగా లేపించి చూడాలి. అతుకుల దగ్గర రంగు గీకించి, పగులు ఉందేమో పరీక్ష చేయించాలి. ఖర్చు భారం కాకుండా మార్పిడి ఫీజు తక్కువగా పెట్టి, ఆర్‌సీలో కొత్త వివరాలు వెంటనే నమోదు చేయాలి.

ఇంకొకటి కూడా అడుగుతున్నాం. లేపిన తొట్టి కింద దూరి గ్రీజు పెట్టే మెకానిక్, క్లీనర్ కుర్రాడు జాకీలోని నూనెను నమ్ముకుని పని చేస్తున్నారు. పైపు పగిలితే తొట్టి క్షణంలో కిందికి వస్తుంది. దాన్ని ఆపే ఇనుప ఆనుకడ్డీ ప్రతి మార్పిడి బండికీ ఉండాలి. అది లేని బండికి ఎఫ్‌సీ ఇవ్వకూడదు.