లారీ డ్రైవర్‌కు 8 గంటలు, కాజువాలిటీ డాక్టర్‌కు లెక్క లేదు

పోయిన వర్షాకాలం ఒక అర్ధరాత్రి మా మేనత్తకు ఆయాసం వచ్చింది. పడుకుంటే ఊపిరి అందడం లేదు, కూర్చుంటే కాస్త నయం. ఆటోలో వేసుకుని ఒడిశా-ఆంధ్ర సరిహద్దు దగ్గర ఉన్న ఒక ఆసుపత్రికి పరుగెత్తాం. కాజువాలిటీలో ఒకే ఒక్క డాక్టరమ్మ. ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. నాలుగు మంచాల మీద ఆరుగురు రోగులు. పురుగుమందు తాగిన కుర్రాడి పక్క నుంచి వచ్చి అత్త ఛాతీ మీద స్టెత్ పెట్టింది, ఆక్సిజన్ పెట్టించింది, చీటీ రాసి మళ్ళీ ఆ కుర్రాడి దగ్గరికి వెళ్ళింది. సిస్టర్ ఆ చీటీ చదివి, ఇంజెక్షన్ తియ్యకుండా చీటీని వెనక్కి పట్టుకెళ్ళింది. లాసిక్స్ 40 మిల్లీగ్రాములు అని ఉండాల్సిన చోట 400 అని ఉంది. డాక్టరమ్మ దిద్దింది. దిద్దుతుంటే ఆమె చెయ్యి వణకడం నేను చూశాను. తర్వాత సిస్టర్‌ను అడిగితే మెల్లగా చెప్పింది: "నిన్న పొద్దున ఎక్కింది బాబూ డ్యూటీ. రావాల్సినాయన రాలేదు."

అత్త బతికింది. ఆ డాక్టరమ్మే బతికించింది. ఆ సున్నా విషయంలో ఆమె మీద నాకు కోపం లేదు. నిన్న పొద్దున ఎక్కిన మనిషిని ఈ రాత్రి రెండింటికి కూడా అక్కడే నిలబెట్టిన పద్ధతి మీద ఉంది. అందుకే ఈ వ్యాసం.

బరంపురం మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రంతా లారీలు నడుస్తాయి. ఆ లారీ డ్రైవర్ కోసం ఈ దేశం ఎప్పుడో ఒక చట్టం చేసింది. అతను మామూలుగా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పనిచేయకూడదని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే చెప్పింది. అది ఎంతవరకు అమలవుతోందన్నది వేరే చర్చ. కానీ నిద్ర లేని మనిషి చేతిలో స్టీరింగు ఉంటే పదిమంది చస్తారని ఈ దేశం 60 ఏళ్ళ కిందటే ఒప్పుకుంది, కాగితం మీద పెట్టింది. రైల్లో లోకో పైలెట్‌కు రన్నింగ్ రూమ్ ఉంటుంది, దిగాక ఇన్ని గంటలు పడుకోవాలని లెక్క ఉంటుంది. విమానం నడిపేవాళ్ళ విశ్రాంతిని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గంటల్లో కొలుస్తుంది. లారీ బోల్తా పడితే ఆ డ్రైవర్‌ను తెచ్చి పడుకోబెట్టేది మాత్రం 30 గంటలుగా కన్ను మూయని డాక్టర్ ముందు.

ఇది ఆవేశంతో అంటున్న మాట కాదు. 1997లో నేచర్ పత్రికలో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక చిన్న ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. 17 గంటలు మేలుకున్న మనిషి చేతికీ కంటికీ మధ్య సమన్వయం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోయింది. 24 గంటలు మేలుకుంటే సుమారు 0.10 శాతం ఉన్నవాడితో సమానం అయింది. మన దేశంలో బండి నడిపేవాడికి చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. 24 గంటలు మేలుకున్న డాక్టర్ పనితీరును ఆ లెక్కలో పెడితే హద్దుకు మూడు రెట్లు పైన ఉంటుంది. అంత తాగి స్కూటర్ తీస్తే పోలీసు ఆపుతాడు. కాజువాలిటీలో ఇంజెక్షన్ డోసు రాస్తుంటే ఆపేవాడు లేడు. మా అత్తకు ఆ సిస్టర్ దొరికింది కాబట్టి సరిపోయింది.

నిబంధన లేదా అంటే ఉంది. 1992 జూన్‌లోనే కేంద్ర ప్రభుత్వం రెసిడెంట్ డాక్టర్ల (ఆసుపత్రిలో పనిచేస్తూ పీజీ చదివేవాళ్ళ) విషయంలో ఉత్తర్వు ఇచ్చింది: మామూలుగా వారానికి 48 గంటలు, ఏకబిగిన 12 గంటలకు మించకూడదు. ముప్ఫై ఏళ్ళు పైబడింది. 2023 పీజీ నిబంధనల్లో జాతీయ వైద్య కమిషన్ ఆ అంకెలే లేకుండా "సహేతుకమైన పనిగంటలు" అని రాసి ఊరుకుంది. సహేతుకం అంటే ఎంత? దాన్ని తేల్చేది రోస్టర్ వేసే సీనియరే కదా! 2024లో అదే కమిషన్ వేసిన మానసిక ఆరోగ్య టాస్క్‌ఫోర్స్ మళ్ళీ అంకెలోకి వచ్చింది: వారానికి 74 గంటలు మించొద్దు, వారంలో ఒకరోజు సెలవు ఇవ్వండి, 7-8 గంటల నిద్ర పోనివ్వండి అని. 48తో మొదలై 74 దగ్గరికి వచ్చి, దాన్ని కూడా మేలు అనుకునే స్థితికి మన పిల్లలు చేరారు.

ఆ టాస్క్‌ఫోర్స్ సర్వేలో 5,337 మంది పీజీ విద్యార్థులు పాల్గొన్నారు. గడిచిన ఏడాదిలో చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చిందని చెప్పినవాళ్ళు వారిలో 31.2 శాతం. అంటే దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు. అంతకుముందు సమాచార హక్కు కింద కమిషనే ఇచ్చిన లెక్కలో, 5 ఏళ్ళలో 122 మంది వైద్య విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. అందులో 64 మంది ఎంబీబీఎస్, 58 మంది పీజీ. వీళ్ళంతా నీట్‌లో లక్షల మందిని దాటుకుని వచ్చినవాళ్ళు. ఊళ్ళో ఫ్లెక్సీ కట్టించుకున్నవాళ్ళు. సీటు వచ్చిన రోజు ఫోటో పేపర్లో వేశాం, ఆ తర్వాత వాళ్ళు నిద్రపోతున్నారా అని ఎవరూ అడగలేదు.

అన్ని విభాగాల్లోనూ పని ఎక్కువే. కానీ కాజువాలిటీ వేరు. వార్డులో డాక్టర్‌కు రోగి పేరు తెలుసు, నిన్న ఎలా ఉన్నాడో తెలుసు, రేపు ఎలా ఉంటాడో చూస్తాడు. ఎమర్జెన్సీలో ఏమీ తెలియదు. తలుపు తోసుకుని వచ్చేది పాము కాటో, గుండెపోటో, కాన్పో చివరి నిమిషం దాకా తెలియదు. ఐదు నిమిషాల్లో నిర్ణయం తీసుకోవాలి, రోగిని పైకో పెద్దాసుపత్రికో పంపాలి, అతను బతికాడో లేదో తెలియకుండానే ఇంకొకరిని చూడాలి. బిడ్డ పోయిందని తల్లికి చెప్పి, ఆ తల్లి ఏడుపు వినబడుతుండగానే పక్క మంచం దగ్గరికి వెళ్ళాలి. ఆ మధ్యలో బయట గుంపు చేరితే దెబ్బలు కూడా తినాలి. 2020 ఏప్రిల్‌లో లోర్నా బ్రీన్ అనే న్యూయార్క్ ఎమర్జెన్సీ డాక్టర్ ప్రాణం తీసుకుంది. కోవిడ్ మొదటి కెరటంలో ఆమె తన ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగానికి అధిపతి. రెండేళ్ళకు అమెరికా ఆమె పేరుతోనే వైద్య సిబ్బంది మానసిక ఆరోగ్యం కోసం చట్టం చేసింది. ఇక్కడ 122 మంది పోయినా మనకు అలాంటి చట్టం ఒక్కటీ రాలేదు.

మరి ఈ పనికి మన చదువు ఎంత సిద్ధం చేస్తోంది? ఏడాది ఇంటర్న్‌షిప్‌లో కాజువాలిటీకి ఇచ్చింది 2 వారాలు. యాభై రెండు వారాల్లో రెండే! ఆ రెండు వారాల్లోనూ చాలామంది చేసేది బ్లడ్ శాంపిల్స్ పట్టుకుని ల్యాబ్‌కు పరుగెత్తడం. ఎమర్జెన్సీ మెడిసిన్‌ను ప్రత్యేక శాఖగా ఈ దేశం గుర్తించిందే 2009లో. 2020 నిబంధనల్లో ప్రతి మెడికల్ కాలేజీకీ ఆ విభాగం తప్పనిసరి అన్నారు. 2023లో ఆ తప్పనిసరి జాబితాలోంచి తీసేశారు. అదే సమయంలో కాలేజీలు మాత్రం పెరుగుతూ పోయాయి. 2014కు ముందు 387 ఉన్నవి 700 దాటాయి, 51,348 ఎంబీబీఎస్ సీట్లు లక్ష దాటాయి. సీట్లు రెట్టింపు చేసి, అన్నిటికంటే ప్రాణాలు ఎక్కువ పోయే గది గురించి చదువు చెప్పే విభాగాన్ని ఐచ్ఛికం చేశారు. నాకు ఇది ఎంత ఆలోచించినా అర్థం కాదు.

దీని ఫలితం మా దగ్గర కనిపిస్తుంది. డిగ్రీ చేతికి వచ్చాక ఆ అబ్బాయినో అమ్మాయినో గజపతి, రాయగడ, మల్కన్‌గిరి కొండల్లో ఒక సామాజిక ఆరోగ్య కేంద్రంలో వేస్తారు. రాత్రి కట్లపాము కరిచిన మనిషిని మోసుకొస్తారు. కాటు గుర్తు సరిగా కనబడదు, నొప్పి ఉండదు, కానీ కనురెప్పలు వాలిపోతుంటాయి. యాంటీ వెనమ్ ఇస్తే రియాక్షన్ రావొచ్చు, ఇవ్వకపోతే ఊపిరి ఆగిపోతుంది. గొంతులో ఊపిరి గొట్టం వెయ్యడం బొమ్మ మీద నేర్చుకున్నాడేమో, మనిషి మీద ఒకటో రెండో సార్లు చేశాడేమో. ఫోన్ చేస్తే ఎత్తే సీనియర్ లేడు. ఆ రాత్రి వాడిని అలసగొట్టేది పని కంటే భయం. నేర్పకుండా నిలబెట్టిన భయం. దానికి యోగా క్లాసు మందు కాదు. కమిషన్ ఏటా జూన్‌లో 10 రోజుల యోగా సూచించింది, చెయ్యనివ్వండి, మంచిదే. కానీ ఇద్దరు చేయాల్సిన పని ఒకరు చేస్తున్నంత కాలం ప్రాణాయామానికి టైమ్ ఎక్కడిది?

పాత తరం డాక్టర్లు అనే మాట నాకు తెలుసు. మేం 48 గంటలు నిలబడి చేశాం, అలాగే పని నేర్చుకున్నాం, షిఫ్టులు పెడితే రోగిని ఒకరి నుంచి ఒకరికి అప్పగించేటప్పుడు తప్పులు జరుగుతాయి అంటారు. చివరి మాటలో నిజం ఉంది. అప్పగింతలో తప్పులు జరుగుతాయి. అయితే అప్పగించడం నేర్పండి. ఏం జరిగింది, ఏం ఇచ్చాం, దేనికి ఎదురుచూస్తున్నాం అన్న మూడు ముక్కలు క్రమంగా చెప్పడం ఎంబీబీఎస్‌లో పరీక్ష పెట్టి నేర్పదగిన విద్య. అమెరికాలో 2003 నుంచి రెసిడెంట్లకు వారానికి 80 గంటల హద్దు ఉంది, యూరప్‌లో 48. అక్కడ డాక్టర్లు తయారుకావడం ఆగిపోలేదు.

2017 జనవరి 21 రాత్రి మా పక్కనే, రాయగడ దాటిన కూనేరు దగ్గర హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది. దాదాపు 40 మంది పోయారు. గాయపడ్డవాళ్ళను ఇటు రాయగడకు, అటు పార్వతీపురానికి తరలించారు. 2023 జూన్‌లో దిగపహండి దగ్గర పెళ్ళి బస్సును ఇంకో బస్సు గుద్దితే 12 మంది చనిపోయారు, క్షతగాత్రులు అర్ధరాత్రి బరంపురం ఎమ్‌కేసీజీ మెడికల్ కాలేజీకి వచ్చారు. 1962లో పెట్టిన ఆ కాలేజీ దక్షిణ ఒడిశాకు పెద్ద దిక్కు, ఇచ్ఛాపురం వైపు నుంచి మన తెలుగువాళ్ళకు కూడా. ఇలాంటి రాత్రులు మళ్ళీ వస్తాయి. ఆ రాత్రి తలుపు దగ్గర ఉండే డాక్టర్ అప్పటికి ఎన్ని గంటలుగా మేలుకుని ఉన్నాడన్నదాన్ని బట్టి మన బంధువు ప్రాణం ఉంటుంది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. సరిహద్దు కాజువాలిటీలో డాక్టర్‌ను అలసగొట్టేది భాష కూడా. మా పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం వైపు ఒకే వరండాలో ఒడియా, తెలుగు, గిరిజన భాషలైన సవర, కువి వినబడతాయి. అఖిల భారత కోటాలో వచ్చిన కుర్రాడిది బీహారో కేరళో అయి ఉంటుంది. మా అత్త "గుండెల్లో పట్టేసినట్టుంది, పడుకుంటే ఊపిరాడటం లేదు, కాళ్ళు నీరు పట్టాయి" అని వరసగా చెప్పింది. వింటే రోగం పేరు అందులోనే ఉంది. అక్కడున్న స్వీపర్ దాన్ని ఒడియాలోకి మార్చి డాక్టరమ్మకు చెప్పింది రెండే మాటలు: "దేహ ఖరాప్". ఒంట్లో బాగోలేదు, అంతే. అక్కడి నుంచి డాక్టర్ మొదటి ప్రశ్నకు రావాలి, పది ప్రశ్నలు వెయ్యాలి, సైగలు చెయ్యాలి. ఈ లోపు బయట బంధువులకు డాక్టర్ పట్టించుకోవడం లేదనిపిస్తుంది. గొడవ అక్కడ మొదలవుతుంది. ఒడిశాలో డాక్టర్ల మీద దాడులకు 2008 నుంచే చట్టం ఉంది, కానీ రోగి బంధువుకు అర్థమయ్యే భాషలో "ఇప్పుడు ఇది చేస్తున్నాం, పది నిమిషాలు ఆగండి" అనే ఒక్క వాక్యం ఆ చట్టం కంటే ముందు పనిచేస్తుంది.

2019లో వచ్చిన కొత్త ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో మొదటి నెల ఫౌండేషన్ కోర్సు పెట్టారు. అందులో భాషా నైపుణ్యాలకు గంటలు కేటాయించారు. సరిహద్దు జిల్లాల్లో ఆ గంటలు ఎవరి భాషకు వాడాలి? రోగి భాషకు. కొరాపుట్‌లో 2017లో మొదలైన కాలేజీలో చదివే పిల్లలకు అక్కడి జనం మాట్లాడే దేశియా, కువి మాటలు రెండొందలు వచ్చి ఉండాలి. బరంపురంలో చదివేవాళ్ళకు తెలుగు రావాలి. ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి, ఏం తిన్నావు, ఏం తాగావు, ఏ పాము, ఎన్నో నెల. ఇవి అడగడం, జవాబు అర్థం చేసుకోవడం వస్తే చాలు. నాలుగు రాష్ట్రాలు మారినా తెలుగువాడు తెలుగులోనే నొప్పి చెప్పుకుంటాడు. నొప్పి పుట్టినప్పుడు రెండో భాష గుర్తుకు రాదు. ఒడిశాలో ఉన్న తెలుగువాళ్ళం బడుల కోసం అర్జీలు పెట్టుకున్నాం, ఆసుపత్రి భాష గురించి మాత్రం ఎన్నడూ అడగలేదు. అది మన తప్పు.

నేను కోరేది పెద్ద పథకం కాదు. 1992 ఉత్తర్వులోని 12 గంటలను మళ్ళీ నిబంధనగా రాయండి. ఎమర్జెన్సీ మెడిసిన్ విభాగాన్ని ప్రతి కాలేజీకీ తప్పనిసరి చెయ్యండి, ఇంటర్న్‌షిప్‌లో 2 వారాలను కనీసం 6 వారాలు చెయ్యండి. ఇక కాజువాలిటీ గుమ్మం దగ్గర ఒక బోర్డు పెట్టండి. ఈ పూట డ్యూటీ డాక్టర్ ఎవరు, ఎన్నింటికి ఎక్కారు, ఎన్నింటికి దిగాలి అన్నవి ఒడియాలోనూ తెలుగులోనూ రాసి ఉంచండి. అప్పుడు రావాల్సినాయన రాకపోతే ఆ సంగతి సిస్టర్‌కు, డాక్టరమ్మకు మాత్రమే కాదు, బెంచీ మీద కూర్చున్న మా అందరికీ తెలుస్తుంది. అడగాల్సిన మనిషి ఎవరో కూడా తెలుస్తుంది.

వచ్చే వారం అత్తను మళ్ళీ అక్కడికే తీసుకెళ్ళాలి, మందులు మార్చే రోజు. ఆవిడ ఆ డాక్టరమ్మ కోసం సున్నుండలు చుట్టించింది. ఆమె డ్యూటీ ఎప్పుడో కనుక్కోమని నన్ను పొద్దుటి నుంచి పోరుతోంది. ఆసుపత్రికి ఫోన్ చేశాను. ఏ రోజు ఎవరుంటారో వాళ్ళకే తెలియదట.