పెరుగు తోడుకోలేదని మొదలైన గొడవ

విజయవాడలో మే నెలంటే పొద్దున తోడేసిన పెరుగు మధ్యాహ్నానికే పులిసిపోతుంది. అలాంటిది మా పటమట ఇంట్లో, రాత్రి తోడేసిన పాలు తెల్లారేసరికి పాలలాగే ఉన్నాయి. గిన్నె వంచితే జారిపోతున్నాయి. తోడు పాడైందేమోనని పక్కింటావిడ దగ్గర పెరుగు తెచ్చి మళ్ళీ వేశా. అదీ అంతే. పాలవాణ్ణి తిట్టుకుందామా అంటే, అవి దుగ్గిరాల దగ్గర మా పుట్టింటి పాలు. ఆదివారం అన్నయ్యే క్యానులో తెచ్చిచ్చాడు.

వదినకి ఫోన్ చేశా. "పెద్ద గేదెకి పొదుగువాపు వచ్చింది కదమ్మా. మూడు ఇంజక్షన్లన్నారు, శుక్ర శనివారాలు రెండు వేసేసరికే తగ్గిపోయింది" అంది, అదేదో లాభం వచ్చినట్టు.

పెరుగు తోడుకోవడమంటే పాలలో సూక్ష్మజీవులు పెరగడమే కదా. పొదుగువాపుకి వేసే పెన్సిలిన్ జాతి యాంటీబయాటిక్ మందు పాలలోకి దిగితే, చెంచాడు తోడులో ఉన్న ఆ జీవుల్ని కూడా లేవనివ్వదు. కాస్తే పోతుందంటారు చాలామంది. పొయ్యి మీద పొంగించినంత మాత్రాన ఈ మందులు పూర్తిగా పోవు. అలాగని తోడుకున్న పాలన్నీ మంచివనీ కాదు, మందు కొద్దిగా ఉంటే పెరుగు శుభ్రంగా తోడుకుంటుంది, మనం శుభ్రంగా తినేస్తాం. పెన్సిలిన్ పడనివాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళ సంగతేంటి?

తర్వాతి వారం ఊరెళ్ళా. గొడ్ల చావిడి కిటికీలో, దోమల చుట్ట పక్కన, మూడో రోజు వేయాల్సిన సీసా. నీళ్ళు కలిపేసిన మందు, సగం ఉంది. "దూడకి పనికొస్తుందని దాచా" అన్నాడు అన్నయ్య. కలిపిన మందు ఎండలో ఎన్ని రోజులుంటుందన్నయ్యా! పక్కనే సిరంజి, దాని సూది మూడు గొడ్లకి వాడిందే, వేణ్ణీళ్ళతో కడిగారట. సీసా మీద చీమ తలకాయంత అక్షరాల్ని ఫోన్ కెమెరాలో పెద్దవి చేసి చదివా. డాక్టరు చీటీ మీదే అమ్మాలని అందులో ఉంది. చీటీ ఏదంటే అన్నయ్య నవ్వాడు. పేరు చెబితే కొట్లో ఇచ్చేశారట.

2012 నుంచి మందుల నిబంధనల్లోనే ఉంది: ఆఖరి ఇంజక్షన్ తర్వాత ఎన్నాళ్ళు పాలు, మాంసం వాడకూడదో సీసా మీద వేయాలి. ఆ మందుకి విడిగా గడువు తేల్చి ఉండకపోతే పాలకి, గుడ్లకి 7 రోజులు, మాంసానికి 28 రోజులకి తగ్గకూడదు. ఇంజక్షన్లు పడే రోజులు దీనికి అదనం. మా చావిట్లో ఈ మాట ఎవరూ ఎప్పుడూ అనగా నేను వినలేదు. నేనూ గేదెల మధ్యే పుట్టి పెరిగా, నాకూ తెలీదు.

మోతాదు మాట ఎత్తితే ఇంకో తలనొప్పి. మనవాళ్ళకి "ఒక సూది" అనేదే కొలత. ఉదాహరణకి ఎక్కువ రోజులు పనిచేసే ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ సంగతే చూడండి. మామూలుగా మి.లీ.కి 200 మిల్లీగ్రాములుండే సరుకైతే 10 కిలోల బరువుకి 1 మి.లీ. అంటే 450 కిలోల గేదెకి 45 మి.లీ. అంతా ఒక్క చోటే గుచ్చితే గడ్డకడుతుంది, 10 మి.లీ.కి మించకుండా వేర్వేరు చోట్ల, కండలోకి లోతుగా వేయాలి. మా ఇంట్లో 10 మి.లీ.తో సరిపెట్టిన రోజులు నాకు గుర్తే. అరకొర మోతాదుకి చావని క్రిమి రాటుదేలుతుందని పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగే 1945లో నోబెల్ ఉపన్యాసంలో హెచ్చరించాడు. గాలికుంటుకీ ఇవే సూదులు పొడిపిస్తారు. అది వైరస్ జబ్బు, నోట్లో, గిట్టల దగ్గర పడే పుళ్ళకి చీము పడితే తప్ప ఈ మందులకి అక్కడ పనేముంది? (బెంజ్ సర్కిల్ దగ్గర మందుల షాపులో దగ్గుకి అజిత్రోమైసిన్ అడిగి కొనుక్కునే మనకి రైతుని అనే నోరు లేదనుకోండి.)

మన దగ్గర చదువుకున్నవాళ్ళు లేరా అంటే, గన్నవరంలో పశువైద్య కళాశాలే ఉంది. 1962కి ఫోన్ చేస్తే ఇంటి దగ్గరికి వచ్చే పశువుల అంబులెన్సు ఉంది. అయినా అన్నయ్య ఫోన్ చేయలేదు. ఎందుకో ఆయన నోటితోనే చెప్పాడు.

"డాక్టరొస్తే పాలు ఆపమంటాడు. పూటకి నాలుగు లీటర్లు. ఇంజక్షన్ల రోజులు మూడు, ఆపైన ఏడు. 80 లీటర్లు నేలపాలు చేయమంటావా? లీటరు 60 లెక్కన 4,800. దాణావాడు ఆగుతాడా?"

నాకు కోపం వచ్చింది గానీ లెక్కలో తప్పు కనపడలేదు. మా ఊరి పాల కేంద్రంలో వెన్న శాతం చూసి పైసల్తో సహా కోస్తారు. మందు ఉందా అని చూడగా నేనైతే చూడలేదు. నిజం చెప్పి పాలు ఆపిన రైతుకి దక్కేది సున్నా, నోరుమూసుకుని పోసినవాడికి పూర్తి డబ్బులు. ఇలా పెట్టి రైతుని నీతిగా ఉండమంటే ఎలా? ఆపిన పాలకి పాల కేంద్రమే సగం ధరైనా ఇవ్వాలి, ఆ సగం మన ప్యాకెట్ మీద రూపాయో అర్ధో పెంచైనా సరే. పెంచితే మొదట గోల చేసేది మన అపార్టుమెంట్ల వాట్సాప్ గ్రూపులేనని తెలుసు.

అన్నయ్యతో చాలాసేపు గొడవపడ్డా. చివరికి జబ్బు గేదె కొమ్ముకి వదిన పాత ఎర్ర రిబ్బను కట్టింది, స్తంభం మీద సుద్దముక్కతో తేదీలు వేసింది. ఇకపై ఇంజక్షన్ పడితే గడువు తీరేదాకా ఆ గేదె పాలు విడిగా పితికి పారబోయాలి, దూడకి కూడా పట్టకూడదు.

"మరి ఆ 4,800 ఎవరిస్తారు, నువ్విస్తావా?" అన్నాడు. అక్కడే నిలబడి ఫోన్‌పే చేశా. చావిట్లో ఇంకా మూడు గేదెలున్నాయి.