నిమిషానికి ఆరు శ్వాసలు, బస్తాకు ఎంత తరుగు?

నల్లగొండ, పాలమూరు జిల్లాల రైతాంగాన్ని ఇన్నేళ్లుగా పట్టి పీడిస్తున్న సమస్య ఏమిటో ఎట్టకేలకు తేలిపోయింది. అది వానలు కాదు, అప్పులు కాదు, కొనుగోలు కేంద్రంలో గన్నీ సంచులు లేకపోవడం అంతకన్నా కాదు. మనవాళ్లకు ఊపిరి పీల్చుకోవడం సరిగ్గా రాదు. నిమిషానికి ఆరుసార్లు పీల్చి వదిలితే సరిపోయే గాలిని పదిహేను, పదహారుసార్లు పీల్చి వదులుతూ, ఆపైన గుండె దడ అని, బీపీ అని ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నారు. హైదరాబాదులోని ఏసీ హాళ్లలో జరిగే ఒత్తిడి నివారణ శిబిరాలకు వెళ్లివచ్చిన ప్రతి పెద్దమనిషీ ఇదే మాట చెబుతున్నాడు గనుక, దీన్ని ప్రభుత్వ పథకంగా ప్రకటించడంలో ఇంకా జాప్యం చేయడం ప్రజారోగ్యానికి ద్రోహం చేయడమేనని ఈ వ్యాసకర్త దృఢాభిప్రాయం.

శాస్త్రం వైపు నుంచి ఎవరూ వేలెత్తి చూపకుండా ముందు ఆ సంగతి చూద్దాం. గాలి పీల్చినప్పుడు గుండె కాస్త వేగంగానూ, వదిలినప్పుడు కాస్త నిదానంగానూ కొట్టుకుంటుంది. జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ లుడ్విగ్ 1847లోనే దీన్ని నమోదు చేశాడు. ఆ నిదానం వెనుక ఉన్నది మెదడు నుంచి గుండెకు దిగే వేగస్ నాడి. శ్వాసను నిమిషానికి ఆరుకు దగ్గరగా, అంటే ఒక్కోదానికి పది సెకన్ల చొప్పున నడిపితే, శ్వాసతోపాటు వచ్చే ఈ హెచ్చుతగ్గులూ, రక్తపోటును ఎప్పటికప్పుడు కనిపెట్టి సరిచేసే శరీర వ్యవస్థా ఒకే లయలో పడతాయి. బయోఫీడ్‌బ్యాక్ అంటే ఈ జరిగేదంతా తెరమీద గీతగా చూపించి, ఆ గీతను చూసుకుంటూ శ్వాసను సరిదిద్దుకోమనడమే. ఛాతీకి పట్టీ కట్టి, చెవుల్లో స్వరాలు వినిపించి శ్వాసను నెమ్మదింపజేసే ఒక పరికరానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2002లో అనుమతి కూడా ఇచ్చింది. అటువంటి పరికరాలతో చేసే నెమ్మది శ్వాస రక్తపోటు ఉన్నవారికి కొంత మేలు చేయవచ్చని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2013లో ఒప్పుకున్నది. తగ్గేది కొద్ది పాయింట్లేనని, మందులు మానకూడదని, తిండి, నడక యథాప్రకారం చూసుకోవాలని డాక్టర్లు చెప్పే షరతులను మన పథకం కరపత్రంలో వెనుకవైపు, చిన్న అక్షరాల్లో వేయించుకోవచ్చు.

ఇక అమలు ఎక్కడ మొదలుపెట్టాలన్నది ప్రశ్న. యాసంగి వడ్లు వచ్చే ఏప్రిల్, మే నెలల్లో మిర్యాలగూడ చుట్టుపక్కల ఏ కొనుగోలు కేంద్రానికి వెళ్లినా ఇందుకు అనువైన వాతావరణం సిద్ధంగా ఉంటుంది. బయోఫీడ్‌బ్యాక్ యంత్రం ఒకటి అక్కడ ఇప్పటికే ఉన్నది, కాకపోతే దాన్ని తేమ మిషన్ అంటారు. గుప్పెడు వడ్లు దానిలో పోసి మీట నొక్కితే ఒక అంకె కనిపిస్తుంది. ఆ అంకె పదిహేడు దాటకూడదు. కుప్ప దగ్గర తలపాగా సర్దుకుంటూ నిలబడ్డ ముసలాయనతో నిర్వాహకురాలు, "తాతా, పంతొమ్మిది చూపెడుతున్నది, ఇంకో రెండు దినాలు ఎండబోయి" అంటుంది. ఆయన పైకి చూసి, "ఎండేడున్నది బిడ్డా, మొగులు పట్టింది గద" అంటాడు. సరిగ్గా ఆ క్షణాన శ్వాస శిక్షకుడు ముందుకు వచ్చి, తాత కళ్లు మూసుకొని, నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెట్టేంతసేపు వదిలేలా చూడాలి. పదిహేను నిమిషాల తరువాత తాత గుండె గీత చక్కని అలల్లాగా లేచి పడుతుంటుంది. వడ్లలో తేమ మాత్రం పంతొమ్మిది దగ్గరే ఉంటుంది, వాన పడితే ఇరవై రెండుకు పోతుంది, కానీ మన పథకం కొలిచేది వడ్లను కాదు. కాంటా అయ్యాక సంచి బరువు అని, తాలు అని, మిల్లరు ఒప్పుకోలేదని బస్తాకు ఇంత చొప్పున తరుగు తీసేటప్పుడు, ప్రతి కిలోకూ ఒక దీర్ఘ నిశ్వాసం తీసుకోవాలని హమాలీలకూ, లారీ డ్రైవర్లకూ కూడా నేర్పించడం మంచిది.

పరికరాల విషయంలో చిన్న చిక్కు ఉన్నది. చేతి గడియారాల అడుగున పచ్చగా వెలిగే దీపం చర్మం కింద రక్తం పొంగే తీరును చూసి గుండె వేగాన్ని లెక్కగడుతుంది. చేయి కదిలితే దానికి లెక్క తప్పుతుంది. పచ్చబొట్టు ముదురుగా ఉన్నచోట ఆ వెలుగు చర్మంలోకి సరిగా దిగదు. పాలమూరు పల్లెల్లో మోచేతి నుంచి మణికట్టు దాకా పచ్చబొట్లు పొడిపించుకున్న అవ్వలు తూర్పారబడుతూ, గంప ఎత్తుతూ, క్షణం కూడా చేయి కదపకుండా ఉండరు. కాబట్టి ఈ అవ్వలకు గుండె లేదని గడియారం తేలిస్తే, ఆ మేరకు లబ్ధిదారుల జాబితా తగ్గి ఖజానాకు మిగులుతుంది.

బయోఫీడ్‌బ్యాక్ చరిత్రలో ఎలుకల పాత్రను కూడా గౌరవంగా స్మరించుకోవాలి. 1960లలో నీల్ మిల్లర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, గుండె వేగాన్ని చెప్పినట్టు మార్చిన ఎలుకకు వెంటనే బహుమతి ఇస్తూ పోతే అది ఆ విద్య నేర్చుకుంటుందని చూపించి సంచలనం సృష్టించాడు. తరువాతి కాలంలో అవే ప్రయోగాలు తిరిగి చేస్తే ఆయనకే ఆ ఫలితాలు రాలేదు, అది వేరే విషయం. మనం గమనించవలసింది బహుమతి సంగతి. ఎలుకకు ఫలితం అప్పటికప్పుడు ముట్టింది. మన రైతుకు వడ్ల పైసలు ఖాతాలో ఎప్పుడు పడతాయో బ్యాంకు మెసేజ్ వస్తే తప్ప తెలియదు. అయినా గుండెను అదుపులో పెట్టుకోవడం ఎలుకకన్నా రైతుకే బాగా రావాలని ఆశించడం, మానవజాతి మీద మన అధికారులకు ఉన్న గౌరవానికి నిదర్శనం.

పాలమూరు వాసులకైతే శిక్షణ దాదాపు అవసరం లేదు. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015లో కరివెన దగ్గర శంకుస్థాపన జరిగినప్పుడు పీల్చిన గాలిని, 2023లో నార్లాపూర్ దగ్గర మోటారు తిప్పినప్పుడు కాస్త వదిలి, మళ్లీ బిగపట్టి కాలువల కోసం చూస్తున్నారు. ముంబయి బస్సెక్కే కూలీలకు శ్వాస మీద ఉన్న పట్టు గురించి వేరే చెప్పనక్కరలేదు. రాత్రంతా రెండు సీట్ల మధ్య కూర్చొని ప్రయాణించేవాడు తక్కువ గాలితో సర్దుకోవడం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు.

ఇదంతా మన పూర్వులకు ఎప్పుడో తెలుసనే వర్గం ఒకటి ఈపాటికే గొంతు సవరించుకుంటూ ఉంటుంది. వారికి సంతోషం కలిగించే ముక్క ఒకటి ఉన్నది: జపమాల తిప్పుతూ లాటిన్‌లో మరియమ్మ ప్రార్థన చేసినా, "ఓం మణి పద్మే హుం" అన్నా శ్వాస నిమిషానికి ఆరుకు దగ్గరగా వస్తుందని ఇటలీలో చేసిన ఒక అధ్యయనం 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. పరీక్షించినవారు ఇరవై ముగ్గురు. ఆ ఇరవై ముగ్గురి బలం మీద మన కాలనీ గురువుగారు, గోలీలు విషమని, నెల రోజులు తన దగ్గర ఊపిరి తీస్తే బీపీ మిషన్ అమ్ముకోవచ్చని చెబుతున్నారు. ఆయన మాట విని గోలీలు మానేసినవారు కొన్నాళ్లు చాలా ప్రశాంతంగా ఉంటారు, ఎందుకంటే రక్తపోటు పెరిగినట్టు చాలామందికి లోపల ఏమీ తెలియదు. తెలిసే రోజున, అంటే ఛాతీలో బరువెక్కి, ఎడమచేయి లాగి, చెమటలు పట్టిన రోజున, కళ్లు మూసుకొని అంకెలు లెక్కపెట్టకుండా 108కి ఫోన్ చేసే మూఢులు మన జిల్లాల్లో ఇంకా మిగిలి ఉన్నారు. గురువుగారి శిష్యుల్లో కొందరు ఇప్పటికీ ప్రాణాలతో ఉండటానికి ఇంట్లోని ఇటువంటి మూఢులే కారణమని వినికిడి.

చివరిగా ఖర్చు. కేంద్రానికి ఒక శ్వాస శిక్షకుడు చొప్పున, ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో, నెలకు కొంత గౌరవ వేతనం మీద తీసుకోవాలి. వేతనాలు మూడు నాలుగు నెలలు ఆగిపోయినా ఇబ్బంది ఏమీ ఉండదు, ధర్నాకు కూర్చున్న చోటనే వాళ్లు నిమిషానికి ఆరు చొప్పున పీల్చి వదులుకుంటారు. ఆ హాజరును కూడా పథకం లక్ష్యసాధన కింద రాసుకోవచ్చు. కాబట్టి బడ్జెట్‌లో దీనికి వేరే పద్దు పెట్టవలసిన పని లేదు.