విప్పితే విలువ పోతుంది

నా మీద హన్మకొండలో ఒక దుష్ప్రచారం నడుస్తోంది. బోలెడు పైసలు పోసి పుస్తకం కొన్నాడట, పదకొండు నెలలైనా ఒక్క పేజీ చదవలేదట. పదకొండు నెలలన్నది నిజమే. చదవలేదన్నదీ నిజమే. అదేదో బద్ధకం అన్నట్టు చెప్పుకుంటున్నారు చూడండి, అక్కడే నా అభ్యంతరం. చదవడానికేముంది, ఎవడైనా చదువుతాడు. చదవకుండా కాపాడటానికి నేను పడే కష్టం ఎవరికి తెలుసు?

పుస్తకం పేరు 'ది వార్ ఆఫ్ ద వరల్డ్స్'. హెచ్.జి. వెల్స్ నవల, 1898 నాటిది. అంగారకుడి మీంచి దిగినవాళ్లు మూడు కాళ్ల యంత్రాలెక్కి ఇంగ్లండును కాల్చుకుంటూ పోతారు. నాది బొమ్మల ప్రత్యేక ప్రతి. తోలు అట్ట, పేజీల అంచులకు బంగారు పూత, పుస్తకానికో గుడ్డ డబ్బా, డబ్బాకో అట్టపెట్టె, అన్నిటి మీదా బిగుతుగా ప్లాస్టిక్ తొడుగు. ఇవన్నీ నేను చూసి చెబుతున్నవి కావు. పెట్టె వెనక రాసి ఉన్నవి. తొడుగులోంచి కనపడేది డబ్బాకు పెట్టిన కిటికీ, ఆ కిటికీలో జానెడు నల్ల తోలు, అంతే. బంగారు పూత సంగతి అమ్మినవాళ్ల మాటే నమ్మాలి. మేడారంలో బెల్లాన్ని బంగారం అని నమ్మే జనం మనం, ఈమాత్రం నమ్మలేమా?

మొత్తం ఇరవై ఎనిమిది వేలు. అమ్మకు చెప్పేటప్పుడు అందులో ఒక సున్నాను గుమ్మం బయటే ఆపేశాను. రెండు వేల ఎనిమిది వందలకే ఆమె రెండు రోజులు మాట్లాడలేదు.

పెట్టె మీద నంబరు కూడా ఉంది. 386. నంబరున్న ప్రతి అంటే మామూలు గౌరవం కాదని బామ్మర్దికి చూపించాను. ఆయన బండికి ఫ్యాన్సీ నంబరు కోసం వేలం పాడిన మనిషి, అర్థం చేసుకుంటాడనుకున్నాను. వేళ్ల మీద లెక్కేశాడు. "మూడు, ఎనిమిది, ఆరు... పదిహేడు. ఒకటీ ఏడూ ఎనిమిది. శని నంబర్ బావా. మార్పియ్యరాదు?" అన్నాడు. ఆ రాత్రి అమ్మినవాళ్లకు మెయిల్ రాయడం మొదలుపెట్టి సగంలో ఆపేశాను. పంపలేదు. ఆ సగం మెయిలు ఇంకా డ్రాఫ్టుల్లోనే ఉంది.

తెలియనివాళ్ల కోసం ఈ శాస్త్రం కొంచెం చెప్పాలి. సేకరణలో పుస్తకాలకు మెట్లుంటాయి. పైన 'ఫైన్', దాని కింద 'వెరీ గుడ్', ఇంకా కింద 'గుడ్'. గుడ్ అన్నారని సంతోషపడిపోకండి. నలిగింది, అరిగింది, ఎవడో శుభ్రంగా చదివేశాడు అని దానర్థం. పుస్తకానికి పట్టగల జబ్బుల్లో చదువరి ఒకడన్నమాట. చెదలు, తేమ, ఎండ, చదువరి. ఇందులో మొదటి మూడింటికీ మందుంది.

ఈ నవలకు బొమ్మల గొడవ పుట్టుకతోనే వచ్చింది. 1897లో ముందు పత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు వార్విక్ గోబుల్ అనే ఆయన బొమ్మలు వేశాడు. వెల్స్‌కు నచ్చలేదు. నచ్చలేదని లోపల గొణుక్కుని ఊరుకున్నాడా, లేదు. మరుసటేడు పుస్తకం వేసేటప్పుడు కథలోనే కొన్ని వాక్యాలు దూర్చాడు. ఎవరో చిత్రకారుడు ఆ యంత్రాల్ని బిర్రబిగుసుకుపోయిన మూడు కాళ్లతో, వంగడం లొంగడం తెలియనట్టు వేశాడు, అసలువి అలా ఉండవు అని. పెళ్లి ఆల్బం బాగా రాకపోతే మనం ఫొటోగ్రాఫర్‌కు మిగతా పైసలు ఎగ్గొడతాం, అంతటితో కోపం తీరుతుంది. వెల్స్ కోపం నూట పాతికేళ్లు దాటినా అచ్చవుతూనే ఉంది.

తర్వాత హెన్రిక్ అల్విమ్ కొర్రియా వచ్చాడు. బ్రెజిల్‌లో పుట్టి బెల్జియంలో ఉండిపోయిన కుర్రాడు. ఎవరూ అడక్కుండానే బొమ్మలు వేసుకుని, చంకన పెట్టుకుని లండన్ పోయి వెల్స్‌కు చూపించాడు. ఈసారి వెల్స్‌కు నచ్చాయి. 1906లో బ్రస్సెల్స్‌లో ఫ్రెంచి అనువాదంతో కలిపి 500 ప్రతులు వేశారు. ఆ బొమ్మల్లో యంత్రాలకు కళ్లున్నట్టుంటాయి. ఇళ్ల కప్పుల మీంచి తొంగి చూస్తాయి, వేటాడే జంతువుల్లా వంగుతాయి. నాలుగేళ్లకు, 1910లో, కొర్రియా క్షయతో పోయాడు. 34 ఏళ్లు. కథలో మనుషుల ఫిరంగులకు లొంగని అంగారకులు చివరికి చచ్చేది సూక్ష్మక్రిముల వల్లే. వాళ్ల బొమ్మలు వేసినవాణ్ని తీసుకుపోయిందీ ఒక సూక్ష్మక్రిమే. ఇక్కడ నాకు వెటకారం రాదు, పక్కకు జరుగుతాను.

నా ప్రతిలో ఉన్నవి ఆయన బొమ్మలే. ఉన్నాయని పెట్టె వెనక రాశారు.

ఇప్పుడు లెక్క చూడండి. వెల్స్ 1946లో పోయాడు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక అరవై ఏళ్లకు హక్కులు తీరిపోతాయి. అంటే 2007 నుంచి ఈ కథను మన దేశంలో ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, ఫోన్లో ఉట్టిగా చదువుకోవచ్చు. బొమ్మల బాకీ ఇంకా ముందే తీరింది. కథ ఉచితం, బొమ్మలు ఉచితం. కాబట్టి నేనిచ్చిన ఇరవై ఎనిమిది వేలూ నికరంగా డబ్బాకే చెందుతాయి. డబ్బాను నేను రోజూ చూస్తున్నాను. పైసా వృథా కాలేదు.

ఈ విషయంలో మన పెద్దలు మనకు చేసిన అన్యాయం చెప్పుకోవాలి. చేర్యాల పటాలే తీసుకోండి. గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఎర్ర నేల మీద పురాణం మొత్తం గళ్లుగళ్లుగా గీశారు. ముప్పై నలభై అడుగుల బొమ్మల పుస్తకం. దాన్నేం చేశారు? పటం చూపిస్తూ కథ చెప్పే కూనపులివాళ్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, పద్మశాలీల వాడల్లో రాత్రంతా విప్పి చూపించారు! దీపం మసి, పిల్లల చేతులు, దుమ్ము. ఒక్క పటానికి ప్లాస్టిక్ తొడుగు లేదు. నంబరు లేదు. ఇక హన్మకొండ పెద్దలు 1904లోనే, అంటే ఆ బ్రస్సెల్స్ ప్రతులకు రెండేళ్ల ముందే, రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టారు. నిజాం రోజుల్లో, తెలుగుకు దిక్కులేని కాలంలో, పుస్తకాలు పోగేసి, బీరువాకు తాళం వేసి తాళంచెవి మొలకు కట్టుకోవాల్సింది పోయి, వచ్చినవాడికల్లా చదువుకోమని ఇచ్చారు. ఎన్ని పుస్తకాలు 'గుడ్' స్థాయికి దిగజారి ఉంటాయో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

అమెరికావాళ్లకున్న ముందుచూపు వేరు. 1953లో 'ఫారెన్‌హీట్ 451' నవల వచ్చింది, పుస్తకాలు కనపడితే కాల్చేసే లోకం కథ. దాని ప్రతులు ఓ 200 వరకు ఆస్బెస్టాస్ అట్టతో వేశారు, నిప్పంటుకోకుండా. రచయిత సంతకంతో సహా. ఇప్పుడవి దొరకడమే గగనం. మా దొడ్లో బట్టలుతికే చోట పైన ఉన్నదీ ఆ సరుకే, నాయిన వేయించిన సిమెంటు రేకు. కోతులు దూకి రెండు చోట్ల పగిలింది కానీ, లేకపోతే సంతకం ఒక్కటే తక్కువ.

నిజం ఒప్పుకుంటాను. ఈ నవల నేను ఒకసారి చదివాను. ఇంటర్లో, చౌరస్తా దగ్గర పాత పుస్తకాల బండి మీద పన్నెండు రూపాయలకు కొని. అట్ట లేదు, ముందు పేజీ మీద ఎవరిదో కిరాణా లెక్క. అంగారకులతో వచ్చిన ఎర్ర కలుపు థేమ్స్ నదిని కప్పేసే చోట నాకు మన చెరువుల్లో గుర్రపుడెక్క కళ్లముందు కనపడి, ఆ రాత్రి దొడ్లోకి పోవడానికి భయపడ్డాను. ఆ ప్రతిని ఎవరో అడిగి తీసుకుపోయారు, ఇవ్వలేదు. మెట్లలో దానికి చోటే లేదు.

సరే, అసలు కష్టానికి వస్తాను. మొన్న నాలుగు రోజులు ముసురు పట్టింది. అయిదో రోజు బీరువా తీశాను. కలరా ఉండలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ప్లాస్టిక్ తొడుగు ఎక్కడా చిరగలేదు. దాని లోపల, కిటికీలో కనపడే నల్ల తోలు మీద, ఆవగింజంత తెల్ల చుక్క.

బూజు.

తొడుగు విప్పి తుడిస్తే పుస్తకం 'విప్పినది' అవుతుంది. విప్పకపోతే బూజు తింటుంది, కానీ విప్పని పుస్తకంగానే తింటుంది. ఆ రాత్రి రెండింటి దాకా ఆలోచించాను. విప్పకూడదనే నిర్ణయానికొచ్చి నిద్రపోయాను.

తెల్లారి ఎండ కాసింది. లేచి చూస్తే బీరువా తలుపు తీసి ఉంది. బంగ్లా మీదికి పరుగెత్తాను. చాపలో పురుగు పట్టిన బియ్యం ఆరబోసి ఉన్నాయి. పక్కన చింపిన ప్లాస్టిక్ తొడుగు, దాని మీద ఎగిరిపోకుండా ఒక ఇటుక పెళ్ల. అట్టపెట్టెలో కరివేపాకు. అమ్మ గోడ నీడన కూర్చుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని కొంగుతో తుడుస్తోంది.

"పురుగు వడితే ఎండల వెయ్యాలె గని, బీరువల వెట్టి మొక్కుతరా?"

నాకు నోరు పెగల్లేదు. వెరీ గుడ్, అనుకున్నాను. ఇంకా వెరీ గుడ్ దగ్గరే ఆగొచ్చు.

పేజీ తెరిచింది. కొర్రియా బొమ్మ. ఇళ్ల మీంచి వంగి చూస్తున్న యంత్రం. బంగారు పూత ఎండకు తళుక్కుమంది, ఉందన్నమాట.

"గివేందిరా? నీళ్ల ట్యాంకులకు కాళ్లొచ్చినట్టున్నయ్."

"వేరే గ్రహం నుంచి వచ్చిన్రమ్మా. మనల్ని సంపనీకి."

"సంపిన్రా?"

"లేదు. వాళ్లే సచ్చిన్రు. కంటికి కనవడని పురుగులతోని."

అమ్మ ఒకసారి బొమ్మకేసి, ఒకసారి చాపలో బియ్యం కేసి చూసింది. తర్వాత చూపుడు వేలు నాలుకకు అద్దుకుని, ఇంకో పేజీ తిప్పింది.

గుడ్.