పరీక్ష కొన్నవారి మీదే

ఇంటి కాపలాకు, దుకాణం కాపలాకు అంటూ అమెరికాలో అమ్ముతున్న మ్యాగజైన్ షాట్‌గన్‌లు చూపులకు సైనికుల రైఫిళ్లను పోలి ఉంటాయి. తూటాలు నింపి కింద బిగించే పెట్టె లాంటి మ్యాగజైన్, ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ తనంతట తానే మరో తూటాను ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్ యంత్రాంగం కొనేవారిని ఇట్టే ఆకట్టుకుంటాయి. అర్ధరాత్రి తలుపు విరిగిన చప్పుడు విని లేచిన మనిషికి అది మొరాయించకుండా పేలుతుందా అన్న ప్రశ్నకు మాత్రం కొనేనాడు జవాబు దొరకదు. ఆ జవాబు చెప్పవలసిన బాధ్యత తయారీదారుకూ ప్రభుత్వానికీ లేకపోవడమే మా అభ్యంతరం.

అసలు చిక్కు తుపాకీ కన్నా తూటాలో ఎక్కువ ఉంది. 12 బోరు తూటా పంతొమ్మిదో శతాబ్దంలో, మధ్యకు విరిచి చేత్తో రెండేసి తూటాలు పెట్టుకునే తుపాకుల కోసం రూపుదిద్దుకున్నది. మన బ్యాంకు గుమ్మంలో గార్డు భుజాన కనిపించే డబుల్ బ్యారెల్ ఆ కోవకే చెందుతుంది. దానిలో తూటాను మోసుకెళ్లే యంత్రమే లేదు కనుక మధ్యలో ఇరుక్కునే ప్రశ్నా లేదు. అదే తూటాను మ్యాగజైన్‌లో ఒకదానిపై ఒకటి పేర్చినప్పుడు అడుగున బయటికి పొడుచుకొచ్చిన లోహపు అంచు అడ్డం పడుతుంది. పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనకపడితే రెండూ పెనవేసుకుని ముందుకు కదలవు. పైగా తూటా ఒళ్లు ప్లాస్టిక్. కింది నుంచి స్ప్రింగు నెడుతుంటే, పై నుంచి బ్యారెల్ వెనక భాగాన్ని మూసే లోహపు దిమ్మె, అంటే బోల్టు, అదుముతుంటే, నెలల తరబడి అల్మరాలో ఉన్న మ్యాగజైన్‌లో పై తూటా చాలాసార్లు ఒక పక్క నొక్కుకుపోతుంది. దాన్ని తీసి బల్ల మీద దొర్లిస్తే సాఫీగా దొర్లక తడబడుతుంది. అత్యవసరంలో మొదట బ్యారెల్లోకి వెళ్లవలసిన తూటా అదే.

రెండో చిక్కు బలానిది. ఈ తుపాకుల్లో ఎక్కువ భాగం, పేలినప్పుడు పుట్టే వాయువులో కొంత మళ్లించి బోల్టును వెనక్కి నెడతాయి. బరువైన గుళ్ల తూటాకు చక్కగా పనిచేసేది, 28 గ్రాముల గుళ్లున్న తేలికపాటి తూటాకు సగంలో ఆగిపోవచ్చు. రష్యాలోని ఇజెవ్స్క్‌లో కలాష్నికోవ్ రైఫిల్ నమూనాపై తయారైన సైగా-12కు ఇందుకోసమే రెండు స్థాయుల గ్యాస్ మర సర్దుబాటు పెట్టారు. నిద్రమత్తులో చీకట్లో లేచిన మనిషికి ఆ మర ఏ స్థాయిలో ఉందో గుర్తుంటుందా?

2014 జులైలో సైగాను తయారుచేసే కలాష్నికోవ్ సంస్థపై అమెరికా ఆంక్షలు విధించడంతో ఆ తుపాకుల రాక ఆగింది. తర్వాత టర్కీ నుంచి చవక రకాలు వెల్లువెత్తాయి. పేర్లు అనేకం, ఒకదాని మ్యాగజైన్ మరొకదానికి పడుతుందన్న భరోసా లేదు.

షూటింగ్ పోటీల్లో ఇవి భేషుగ్గా పనిచేస్తున్నాయి కదా అని వాదించేవారున్నారు. నిజమే. కానీ పోటీదారు తన తుపాకీని అరగదీసి, సరిచేసి, లెక్కలేనన్ని తూటాలు కాల్చి, బరిలో దిగే కాసేపటి ముందు మ్యాగజైన్ నింపుకుంటాడు. ఇంటివాడు నింపి మరచిపోతాడు. అమెరికా మెరీన్ దళం ఎం1014 పేరిట తీసుకున్న బెనెల్లి సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్‌కు బ్యారెల్ కింద తూటాలు నింపే గొట్టమే ఉంది, పెట్టె మ్యాగజైన్ లేదన్నది గమనించదగ్గది.

1972 నాటి వినియోగ వస్తువుల భద్రతా చట్టం తుపాకులను తన పరిధి నుంచి తప్పించింది. ఊయలలో లోపముంటే వెనక్కి తీసుకోమని ఆదేశించగల, ఆ చట్టం కింద ఏర్పడిన కమిషన్, ప్రాణరక్షణకని అమ్మిన షాట్‌గన్ విషయంలో నోరు మెదపలేదు. ఈ మినహాయింపును అమెరికా కాంగ్రెస్ తొలగించాలి. ఈలోగా దిగుమతిదారులు ఏయే తూటాలతో, ఎన్నిసార్లు పరీక్షించారో, నింపిన మ్యాగజైన్‌ను ఎన్నాళ్లు ఉంచి చూశారో పెట్టె మీదే ముద్రించాలి.

పెట్రోలు బంకుల్లో, మద్యం దుకాణాల్లో రాత్రి షిఫ్టులు చేస్తున్న తెలుగువారికీ ఈ మాట చెప్పవలసి ఉంది. విద్యార్థి, హెచ్-1బి వీసాల మీద ఉన్నవారికి అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ నిషిద్ధం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి మినహాయింపులు కొద్దిగా ఉన్నాయి. ఆ లైసెన్సు చూపి దుకాణం కాపలాకు షాట్‌గన్ కొనే ఆలోచన ఉన్నవారు ముందు న్యాయవాదిని కలవడం మేలు. హక్కు ఉండి కొంటున్నవారు తాము దాచుకోబోయే తూటాతోనే, నెల రోజులు నింపి ఉంచిన మ్యాగజైన్‌తోనే కాల్చి చూపించమని అమ్మేవారిని అడగాలి. కాదంటే, పక్క అరలో ఉన్న పాతకాలపు పంప్ షాట్‌గన్ (ప్రతిసారీ చేత్తో వెనక్కి ముందుకు లాగి తూటా ఎక్కించే రకం) ధర కనుక్కోవచ్చు.